బ్రేకమ్మ పంటినొప్పి

ఆమె అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఊరంతా ఆమెను బ్రేకమ్మ అనేది. కారు నేర్పేటప్పుడు ఆమె నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట అదే. "బ్రేకు! అమ్మా, బ్రేకు!" పక్కన కూర్చున్నది మీసాలున్న మగాడైనా సరే, కంగారులో 'అమ్మా' అనే అరిచేది. ఆ అరుపుకు పక్క సందులో సైకిళ్లు కూడా ఆగిపోయేవని చెప్పుకునేవారు.

మనిషి మాత్రం వెన్నముద్ద. మైదానం చివర ఖాళీ డ్రమ్ములు వరసగా పెట్టి, వాటి మధ్యలోంచి కారును వెనక్కి తీయించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. తన సీటు ముందు కూడా ఒక బ్రేకు పెట్టించుకుంది. కుడికాలు ఎప్పుడూ దానిమీదే ఉండేది. ఆ అరుపులన్నీ కోపంతో కాదు, భయంతో. ఆ సంగతి నేర్చుకునేవాళ్లకు తెలియదు, ఆమెకూ సరిగ్గా తెలియదు.

ఇంట్లో ముగ్గురు. భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. అత్తగారు ఉద్యోగం మానేశాక ఇంటిపట్టున ఉంటూ, లోకంలో జరిగే ప్రతిదానికీ కారణం వెతికే పని పెట్టుకుంది. ఆవిడ లెక్కలో ఏదీ ఊరికే జరగదు.

"పాలు పొంగిపోయాయంటే పోవూ మరి? పొద్దున్నే ఆ పిల్లిని కసిరావు కదమ్మాయ్!"

"స్టవ్వు తగ్గించడం మర్చిపోయాను అత్తయ్యా. మధ్యలో పిల్లేం చేసింది?"

"ఎన్నడూ లేనిది ఇవాళే ఎందుకు మర్చిపోయావు?"

అక్కడికి వచ్చేసరికి కోడలు, "అంతా కాకతాళీయం అత్తయ్యా" అని చెప్పులేసుకుని బయటపడేది. ఎవరిది నిజమో తేల్చమని భర్తను అడిగితే, ఆ మహానుభావుడు ఇద్దరివైపూ చూసి నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఒక కొత్తాయన నేర్చుకోవడానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్లటి చేతులు, మెత్తటి మాట. ఏం చేస్తుంటారని అడిగితే, "ఏముందండీ, జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేసే పని" అన్నాడు మొహమాటంగా. మంగలి కాబోలు అనుకుంది ఆమె. ఆయన తల కూడా నున్నగా దువ్వి ఉంది.

స్టీరింగు ముందు మాత్రం ఆయన చేతులు ఆయన మాట వినలేదు. కారు వెనక్కి తీయమంటే మొదట వైపరు వేశాడు, తర్వాత హారన్ కొట్టాడు, ఆఖరికి డ్రమ్మును గుద్దాడు. డ్రమ్ము దొర్లుకుంటూ వెళ్లి గట్టు మీద ఆగింది.

"బ్రేకు! అమ్మా, బ్రేకు! నోరు తెరుచుకుని కూర్చుంటారేం సార్, కాలు కదపండి!"

ఆయన నోరు మూసుకుని, చెమట తుడుచుకుని, మళ్లీ హారన్ కొట్టాడు.

ఆ మర్నాడే బ్రేకమ్మకు పంటినొప్పి పట్టుకుంది. మామూలు నొప్పి కాదు, దవడ పట్టుకుని గది నాలుగు మూలలా తిరిగే నొప్పి. అత్తగారు ఉప్పునీళ్లు కాచి ఇచ్చి, పక్కనే కూర్చుని వీపు నిమిరింది. నిమురుతూనే అంది: "ఎవరి మీద నోరు పారేసుకున్నావో ఏమో తల్లీ. కర్మ అక్కడే తగిలింది చూడు."

"పన్ను పుచ్చింది, అంతే" అందామనుకుంది గానీ, పైకి వచ్చింది "ఉఁ... ఉఁ" అన్న మూలుగే.

భర్త దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వీధి మొదట్లోని క్లినిక్కు గోడలకు రంగులేస్తున్నారు, మూసేశారు. అక్కడి రంగులాయన కుంచె చూపించి, "అదిగో, ఆ బట్టల కొట్టు మీద ఇంకో పళ్ల డాక్టరున్నారు, మంచాయన" అన్నాడు. మెట్లెక్కారు. లోపల కుర్చీలో వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. కళ్లలోకి దీపం. ఆ దీపం పక్కనుంచి మాస్కు కట్టుకున్న తల ఒకటి వంగింది.

"బ్రేకమ్మగారా!" అంది ఆ తల. వెంటనే నాలుక కరుచుకుని, "క్షమించండి, మేడమ్" అంది.

మెత్తటి గొంతు. నున్నగా దువ్విన జుట్టు. నిన్న నోరు తెరుచుకుని కూర్చున్నావని ఎవరిని తిట్టిందో, ఇవాళ ఆయన ముందే నోరు తెరుచుకుని పడుకోవాలి! చేతులు కుర్చీని పట్టుకున్నాయి. కుడికాలు దానంతటదే గాల్లో దేనికోసమో వెతికి గట్టిగా తొక్కింది.

డాక్టరు ఆ కాలు వైపు చూశాడు. "మీ వైపు బ్రేకు లేదండీ ఇక్కడ" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. పాపం, నిజంగానే తెలియజెప్పినట్టు అన్నాడు. దాంతో గుమ్మంలో నిలబడ్డ భర్త నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు.

తర్వాత ఆయన ఏం చేయబోయినా ముందే చెప్పాడు. "ఇప్పుడు చల్లగా తగులుతుంది. ఇప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. ఇక మీదట చప్పుడే గానీ నొప్పుండదు. చెయ్యెత్తితే ఆపేస్తాను." చెప్పినట్టే జరిగింది. సగంలో ఆమె కాలు తొక్కడం మానేసిందని ఆమెకే తెలియలేదు.

మత్తు వదలని పెదవులతో లేచి కూర్చుని, "నిన్న నేనన్ని మాటలన్నాను కదా, మీకు కోపం రాలేదా?" అని అడిగింది.

"వచ్చింది" అన్నాడాయన చేతులు కడుక్కుంటూ. "కానీ మీ పన్ను నన్నేమీ అనలేదుగా."

ఇంట్లో ఈ కథ విన్న అత్తగారి ఆనందం అంతా ఇంతా కాదు. చెవిలో ఎవరో తేనె పోసినట్టు, మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. కోడలు మాత్రం పట్టు వదల్లేదు. రంగులు వేయకపోతే ఆయన దగ్గరకు వెళ్లేదే కాదు, అది రంగులాయన చలవ అంది. అయినా ఆ రోజు నుంచి కారులో పద్ధతి మార్చింది. "ఇప్పుడు క్లచ్ వదులుతుంటే కారు కొంచెం వణుకుతుంది సార్, వణకనివ్వండి. ఇప్పుడు డ్రమ్ము అద్దంలో కనబడుతుంది, దగ్గరగా ఉన్నట్టే ఉంటుంది గానీ దూరముంది." డాక్టరు చేతులు కుదుటపడ్డాయి. ఆ వారమంతా ఏ డ్రమ్మూ దొర్లలేదు.

ఒకరోజు కారు నీడలో ఆపి టీ తాగుతుండగా, ఈ వయసులో ఈ అవస్థ ఎందుకని అడిగిందామె.

"పెళ్లైన దగ్గర్నుంచీ మా ఆవిడే నడుపుతోందండీ. ఎక్కడికెళ్లినా తను రోడ్డు చూస్తుంది, నేను కిటికీలోంచి లోకం చూస్తాను. మొన్న అడిగింది, ఒక్కసారి నన్నూ కిటికీలోంచి చూడనివ్వరూ అని."

బ్రేకమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "పదండి సార్, ఇంకోసారి వెనక్కి తీద్దాం" అంది.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారి అరుపుల్లో బ్రేకమ్మకు పెద్దన్న లాంటివాడు. ఆయన పక్కన కూర్చుంటే వచ్చిన విద్య కూడా మర్చిపోతారు. కానీ ఆ ఉదయం ఆయన నోరు మెదపకుండా, రుమాలుతో బుగ్గ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ముందుకు పొమ్మని చెయ్యి, ఆపమని చెయ్యి. ఆ నిశ్శబ్దంలో డాక్టరు డ్రమ్ముల మధ్యలోంచి కారును వెన్నలో కత్తిలా తీసుకొచ్చి నిలిపాడు. అధికారి తలూపి, సంతకం పెట్టేసి, కారు దిగాక గానీ మూలగలేదు.

"ఎడమవైపు కిందిదా?" అన్నాడు డాక్టరు.

"మీకెలా తెలుసు?"

ఆ సాయంత్రం బట్టల కొట్టు మీది కుర్చీలో ఆ అధికారి కూడా నోరు తెరిచాడు.

"ఇప్పుడేమంటావమ్మాయ్?" అని ఇంట్లో అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పళ్లున్న వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు నొప్పి వస్తుంది అత్తయ్యా."

"వస్తుంది. అందరూ ఆయన దగ్గరే ఎందుకు తేలుతున్నారంట?"

ఆ ఆదివారం డాక్టరు తొలిసారి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ధైర్యం కోసం బ్రేకమ్మను పిలిచాడు. ఎలాగూ సీటు ఖాళీగా ఉంది కదా అని అత్తగారూ ఎక్కింది. ఊరు దాటాక, కాలవ గట్టు మలుపులో కారు ఒకపక్కకు లాగింది. డాక్టరు కంగారు పడకుండా పక్కకు తీసి ఆపాడు. చూస్తే చక్రంలో మేకు.

అందరూ దిగారు. ఎదురుగా, గట్టుకు ఆవలి తడినేల మీద కొంగలు, ఎన్నో తెలియనన్ని కొంగలు, ఒక్కసారిగా లేచి తెల్లగా తిరుగుతున్నాయి. రోజూ వేగంగా పోయే దారి కావడంతో వాటిని ఎవరూ చూసి ఉండరు.

అత్తగారు కోడలి చెవిలో, "ఆ మేకు ఇక్కడే ఎందుకు పడిందంటావు?" అంది.

'కాకతాళీయం' అనబోయిన బ్రేకమ్మకు నవ్వొచ్చింది. రవిక చేతులు పైకి మడిచి, జాకీ కోసం డిక్కీ తెరిచింది.

డాక్టరుగారి భార్య కళ్లు కొంగల మీదే ఉన్నాయి. తిరిగి చూడకుండానే, "తొందరేం లేదండీ" అంది. "నెమ్మదిగా మార్చండి."