గంట కొట్టించిన ఆల్చిప్పలు

నా చిన్నప్పుడు మా ఊరి చర్చి గంట కొట్టడం కన్నా గొప్ప పని ఈ లోకంలో ఇంకొకటి లేదని గట్టిగా నమ్మేదాన్ని. హుకుంపేట దాటి కొండెక్కితే వచ్చే ఊరు మాది. పాతిక గడపలు, కింద మేం గెడ్డ అని పిలిచే వాగు, పైన పెంకుల చర్చి. ఏటా క్రిస్మస్‌కు ముందు ఆ చర్చికి వెల్ల వేసేవారు. సున్నం కొనేవాళ్లు కాదు. గెడ్డ ఒడ్డున పడి ఉన్న ఉత్త ఆల్చిప్పలు పిల్లలం ఏరి తెస్తే, పెద్దవాళ్లు బట్టీలో కాల్చి సున్నం చేసేవారు. ఎవరి బుట్ట ఎక్కువ నిండితే వాళ్లే పండగ పొద్దున గంట కొట్టాలి.

అప్పటికి మూడేళ్లుగా నేను రెండో స్థానంలోనే మిగిలిపోతున్నాను. ఓడిపోవడం నాకు చచ్చినా ఇష్టం ఉండదు. ఈ ముసలితనంలోనూ అంతే, కావాలంటే మా కోడల్ని అడగండి. ఆ ఏడు వానలకు గెడ్డ పొంగి ఒడ్డునున్న చిప్పలన్నీ కొట్టుకుపోయాయి. ఎంత వెతికినా బుట్ట అడుగు కూడా నిండలేదు. బట్టీ అంటించేది ఆ సాయంత్రమే. అప్పుడు నా బుర్రలో ఒక తెలివైన ఆలోచన మెరిసింది. ఊరంతా తాగునీళ్లు ముంచుకునే మడుగులోకి దిగి, ఇసుకలో చెయ్యి పెట్టి, బతికున్న ఆల్చిప్పల్నే తవ్వి తీయడం మొదలుపెట్టాను. చిన్నదీ పెద్దదీ అని చూడలేదు. నన్ను చూసి మిగతా పిల్లలూ దిగారు. పొద్దెక్కేసరికి మడుగంతా కలియబెట్టి వదిలాం.

నిండు బుట్ట నెత్తిన పెట్టుకుని, పెళ్లికూతురిలా ఇంటికొచ్చాను. మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని సామలు చెరుగుతోంది. కోప్పడలేదు. చేట పక్కన పెట్టి, అన్నిట్లోకీ పెద్ద ఆల్చిప్పను తీసి కొంగుతో తుడిచింది.

"ఈ గీతలు సూసినావా? ఒక్కో గీత ఒక్కో ఏడు. లెక్కెట్టు" అంది.

లెక్కపెట్టాను. నా వయసు కన్నా ఎక్కువే ఉన్నాయి.

"అయితే నీకు అక్కే గదా. అక్కని బట్టీలో ఎట్టి కాలుత్తావేటే గుంటా?"

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నన్ను పంపి గెడ్డలోంచి బురదనీళ్లు తెప్పించి, రెండు సత్తుగిన్నెల్లో సమంగా పోసింది. తన మెడలోని దండ తెంపి, ఒక్కో గిన్నెలో ఒక్కో ఎర్రపూస వేసింది. ఒక గిన్నెలో నా బుట్టలోంచి నాలుగు ఆల్చిప్పలు పెట్టింది, రెండోది ఉత్తదే ఉంచింది. వేలు పెట్టావంటే ఊరుకోనని చెప్పి, మళ్లీ చేట అందుకుంది. ఇదేం ఆటో నాకు అర్థం కాలేదు. విసుగొచ్చి అరుగు మీదే కునుకు తీశాను.

మధ్యాహ్నం దాటాక నన్ను తట్టి లేపింది. ఆల్చిప్పలున్న గిన్నెలో అడుగున ఎర్రపూస కళకళలాడుతూ కనిపిస్తోంది. రెండో గిన్నెలో ఇంకా మసకే. నీళ్లలో మురికిని అవి తాగేస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏ గిన్నెలో నీలు తాగుతావు?" అని అడిగింది. తేట నీళ్లు చూపించాను. "మడుగులో ఇయి నేకపోతే, రేపు ఏ నీలు తాగుతావు?"

మాకు ఆ మడుగు తప్ప వేరే తాగునీళ్లు లేవు. అందులో ఉన్నవన్నీ ఇప్పుడు నా బుట్టలో, చర్చి వెనక మిగతా పిల్లల బుట్టల్లో ఉన్నాయి, అందరినీ దింపింది నేనే. ఏడ్చేశాను. నిజం చెప్పాలంటే అందులో సగం ఏడుపు గంట కోసమే. తర్వాత లేచి కొండమీదికి పరుగెత్తాను. అప్పటికే బట్టీలో కట్టెలు పేర్చేశారు. పాస్టరుగారి చెయ్యి పట్టుకుని మా వాకిట్లోకి లాక్కొచ్చాను.

ఆయన రెండు గిన్నెల మీదా వంగి చాలాసేపు చూశారు. తర్వాత పిల్లలందరినీ గెడ్డకు తీసుకెళ్లి, ఈ ఏడు గంట కొట్టేది బుట్ట నింపినవాళ్లు కాదు, అందరికన్నా ముందు ఖాళీ చేసినవాళ్లు అన్నారు. విసిరేయకూడదు, ఒక్కొక్కటే ఇసుకలో నాటాలి. "బేగి కానీ గుంటా!" అని మా నాయనమ్మ ఒడ్డు మీంచి ఒకటే కేకలు. అందరిలోకీ పెద్ద బుట్ట నాదే, అయినా మొదట ఖాళీ అయింది నాదే! చర్చికి ఆ ఏడు కొండమట్టి పూశారు. గోడలు కాస్త పసుపు తిరిగాయి. పండగ పొద్దున పాస్టరుగారు తాడు లాక్కునేదాకా నేను గంట ఆపలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్న శీతాకాలంలో కాలేజీ నుంచి ఒక అమ్మాయి సీసాలూ మందుచుక్కలూ పట్టుకుని మా ఊరొచ్చింది. నదుల్లో ఆల్చిప్పలు ఎందుకు మాయమవుతున్నాయో, నీళ్లు ఎలా ఉన్నాయో చదువుతోందట. ఇసుక తోడేసిన చోట, పురుగుమందు డబ్బాలు కడిగే చోట ఎక్కడ చూసినా ఉత్త చిప్పలేనని దిగులుగా చెప్పింది. మా మడుగులో ఎవరినీ డబ్బాలు కడగనివ్వను. అందుకని ఊళ్లో సగం మంది నన్ను గయ్యాళి అంటారు. అననీ. ఆ పిల్ల అరచేతిని తీసుకెళ్లి మడుగు ఇసుకలో పెట్టాను. మరుక్షణం కెవ్వుమంది. "మామ్మా, పిల్లవి కూడా ఉన్నాయి!" సీసాలో చుక్కలు వేసి చూసి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయంది. తను తిరిగిన గెడ్డలన్నిటిలోకీ మాదే మేలట.

నేను ఆగలేకపోయాను. ఆయాసపడుతూ కొండెక్కి చర్చి గంట కొట్టాను. ఆదివారం కాదు, పండగ కాదు. ఏమైందోనని ఊరంతా పరుగెత్తుకొచ్చింది.

"ఏటైంది మామ్మా?"

"మా అక్క బతికే ఉందిరా!" అన్నాను. నా కథ వినీ వినీ విసిగిపోయిన ఊరు కదా, ఎవరికీ విప్పి చెప్పాల్సిన పనిలేకపోయింది. చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మా వీధిలో కుళాయి ఉంది. అయినా పొద్దున్నే బిందె పట్టుకుని గెడ్డకే పోతాను. ముందు ఇసుకలో అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. కింద అక్క కదిలాకే నీళ్లు ముంచుకుంటాను.