దువ్వెన పట్టే భుజం

వీధిలో అందరూ అతన్ని "రెండో కుర్చీ" అనే పిలిచేవారు. మొదటి కుర్చీ బావది. సెలూనూ బావదే. ముప్ఫై ఏళ్ళు నిలబడే బతికిన మనిషి. ఆయన కబుర్లలో పడి తల వంచడం కూడా మరిచిపోయేవారు జనం. షుగర్ మాత్ర గుర్తొచ్చిన రోజున వేసుకునేవాడు. సిగరెట్ మానేశానని అక్కకి ఒట్టు వేసి, షాపు వెనక్కి వెళ్ళి దర్జాగా కాల్చేవాడు. అక్క వస్తుందేమోనని కాపలా కాసే ఘనకార్యం మన రెండో కుర్చీది.

రోజంతా చెయ్యెత్తి పనిచేసేవాళ్ళు భుజం నొప్పిని జబ్బుగా లెక్కెయ్యరు. అందుకే ఆ పొద్దున పదింటికి ఎడమ భుజం లాగుతోందని బావ అంటే ఇద్దరూ నవ్వేశారు.

"దువ్వెన పట్టే భుజం కదరా, అలిగింది."

"కూర్చో బావా, నేను బతిమాలతాగా!"

అతను నొక్కితే ఎంత మొండి నొప్పైనా దిగుతుందని పేరు. నూనె వేడి చేసి నొక్కాడు. తగ్గిందంటూ బావ లేచి ఒకరికి గడ్డం గీశాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ నొక్కాడు. చెమటలు పడితే ఫ్యాను పెంచాడు. మూడింటికి బావ వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయాక గానీ ఇద్దరికీ భయం వెయ్యలేదు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"పదింటికండీ."

"ఇంతసేపూ ఏం చేశారు?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆవిడే బయటికొచ్చి చెప్పింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేశారట. దారి తెరుచుకుంది గానీ రక్తం ముందుకి పారడం లేదట. "దాని కింద వెంట్రుకల్లాంటి సన్న నాళాలుంటాయి. అవి దెబ్బతిన్నాయి. షుగరు, సిగరెట్లు, నాళంలో పెద్ద రక్తపు గడ్డ... వీటన్నిటికీ తోడు ఆలస్యం."

మూడో రోజు బావ పోయాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక వంటింటి గుమ్మంలో కూర్చుని అతను అక్కకి అంతా చెప్పేశాడు. సిగరెట్ల కాపలా చెప్పాడు. అయిదు గంటలు నొక్కిన సంగతీ చెప్పాడు. "నేనే చంపుకున్నానక్కా," అని భోరుమన్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"భోజనానికి రాలేదేమని ఆ మధ్యాహ్నం ఫోన్ చేశానురా," అంది అక్క, ఎటో చూస్తూ. "ఒళ్ళు ఏదోలా ఉంది, ఒకసారి డాక్టరుకి చూపించుకొస్తానన్నారు. నేనే వద్దన్నాను. మా తమ్ముడి చెయ్యి పడ్డాక డాక్టరెందుకు, ఇంకాసేపు నొక్కించుకోండి అన్నాను."