కింద పడితే డాక్ ఊరుకోడు

డాక్టర్ వర్జిల్ హోస్టెట్లర్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో నోరు విప్పే సందర్భం ఒక్కటే. ఎవరైనా కింద పడి లేవకపోతే అప్పుడు విప్పుతాడు.

మా వాళ్ళు బుట్టలో బంతి వేస్తే చప్పట్లు కొట్టడు. ఎదుటివాళ్ళు వేస్తే నిట్టూర్చడు. రిఫరీ పట్టపగలు అన్యాయం చేశాడని మేమంతా పైకప్పు లేచిపోయేలా అరుస్తున్నా, ఆయన ఒళ్ళో పాప్‌కార్న్ పొట్లం పెట్టుకుని, ఒక్కొక్క గింజనీ వెలుతురుకి ఎత్తి చూసి మరీ నోట్లో వేసుకుంటాడు. పేలని గింజ పంటికి శత్రువని ఆయన సిద్ధాంతం. పళ్ళ డాక్టరు మరి. ఇండియానాలో మా ఫెయిర్లీ ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆయన చేతుల మీదుగా బాగుపడినవే. నాదీ అంతే. ఇప్పుడు పని మానేశాడు. ఊరంతా ఆయన్ని డాక్ అంటుంది.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలి పడిపోతే మన పిల్లా, పరాయి పిల్లా అని చూడరు. ఆడేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడే ఒంటి మోకాలి మీద కూర్చుంటారు. జనం చప్పున నోరు మూసుకుంటారు. పడ్డ పిల్ల లేచి నడిచాక రెండు వైపుల నుంచీ చప్పట్లు. అంతవరకూ జిమ్‌లో ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపించేంత నిశ్శబ్దం. చర్చిలో కూడా మేం అంత బుద్ధిగా ఉండం.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, పైనుంచి నాలుగో వరసలో ఒక గొంతు లేస్తుంది.

"ఏవమ్మా పదకొండో నంబరూ! నేల చల్లగా ఉందని పడుకున్నావా? టిక్కెట్టు కొన్నవాళ్ళం మేం చెక్కబల్లల మీద కూర్చున్నాం!"

తలలన్నీ వెనక్కి తిరుగుతాయి. ఆయన భార్య లోయిస్ మోచేత్తో డొక్కలో పొడుస్తుంది.

"వర్జిల్! జనం చూస్తున్నారు."

"చూడనీవే. ఆట ఆగిపోయిందిగా, ఇంకేం చూస్తారు?"

మా కాలేజీ అమ్మాయిల జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. కొంగ ఒంటికాలి మీద నిలబడడం ప్రకృతి సహజం. మా కొంగలు మాత్రం చీలమండలు బెణికి నిలబడతాయి. కాబట్టి డాక్‌కి పని తక్కువేం కాదు. ముక్కు పట్టుకుని పడ్డ పిల్లని "పళ్ళున్నాయా చూసుకో! పళ్ళుంటే మిగతావన్నీ మళ్ళీ మొలుస్తాయి!" అని కేకేస్తాడు. కాలు పట్టుకుని పడ్డ పిల్ల గురించి "రిఫరీ గారూ, దుప్పటి ఒకటి ఇప్పిస్తారా? నిద్ర చెడిపోతుంది!" అంటాడు. ఆ వెక్కిరింపులకి ప్రత్యేకంగా పాత్రురాలు కెల్సీ డ్రేయర్. నాలుగో ఏడాది చదువుతున్న పొట్టి పిల్ల, మూడో నంబరు. బంతి కోసం నేల మీదికి దూకకుండా ఒక్క మ్యాచ్ కూడా ఆడదు. దూకి పడ్డాక, డాక్ అరుపు వినబడగానే, పడుకున్నచోటి నుంచే పైకి చూడకుండా ఒక పిడికిలి ఎత్తుతుంది. ఇక ఇద్దరూ తమ తమ పనుల్లో పడతారు.

మ్యాచ్‌లలో నా సీటు ఆ దంపతుల పక్కనే. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. శరీరంలో ఏ ఎముక ఎక్కడ విరుగుతుందో తెలియడం వల్ల పిల్లల్ని పెంచడంలో సుఖమేమీ లేదని నా అనుభవం. మా ఐరిస్‌కి రెండేళ్ళు. చెవులకి చప్పుడు తగలకుండా తొడుగులు పెట్టి, పైన ఉన్ని టోపీ పెట్టి, దాన్ని తీసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు అది మెట్టు తప్పి బోర్లా పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దాని నోరు ఏడవడానికి తెరుచుకుంటూ ఉండగా డాక్ ముందుకు వంగి కంగారుగా అడిగాడు:

"మెట్టుకేం కాలేదు కదా?"

ఐరిస్ నోరు అలాగే ఉంచి మెట్టు వైపు తిరిగింది. జాగ్రత్తగా చూసింది. చేత్తో దాన్ని రెండుసార్లు నిమిరింది.

నాకు ఒళ్ళు మండింది. "డాక్, పడింది పిల్ల. మెట్టు కాదు."

"పిల్లని నువ్వు చూస్తున్నావుగా నాయనా. మెట్టు సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి."

మాకు ఇదంతా అలవాటే. పొరుగూరి వాళ్ళకి ఎందుకు అలవాటవుతుంది? జనవరిలో ఒక మ్యాచ్‌కి వచ్చిన జట్టులో ఒక పిల్ల కాలు మడత పడి కూలబడింది. జిమ్ మూగబోయింది. మావాడు లేచాడు.

"తల్లీ, ఆ నేల మాది! అంతసేపు పడుకుంటే అద్దె కట్టాలి!"

ఆ పిల్ల నవ్విందో లేదో నాకు కనిపించలేదు. ఎదురుగా వాళ్ళ నాన్న లేచిన తీరు మాత్రం అందరికీ కనిపించింది. "ఎవడ్రా అది? నీకు పిల్లల్లేరా?" అని అరుస్తూ మెట్లు దిగబోతే నలుగురు పట్టుకున్నారు.

మరుసటి మ్యాచ్‌కి ముందు, కాలేజీలో ఆటల వ్యవహారాలన్నీ చూసే లోమాక్స్ మా వరసకి ఎక్కి వచ్చాడు. మంచివాడు. చిన్నప్పుడు డాక్ చేత రెండు పళ్ళు పీకించుకున్నవాడు. అందుకేనేమో, దవడ మీద చెయ్యి వేసుకునే మాట్లాడాడు.

"డాక్, జిమ్ కట్టినప్పటి నుంచీ ఈ సీటు మీదే. కానీ ఇంకొక్కసారి పడ్డ పిల్ల మీద అరిచారంటే దీన్ని తీసేసుకుంటాం. తర్వాత మిమ్మల్ని లోపలికి కూడా రానివ్వరు. పైవాళ్ళు తేల్చి చెప్పారు."

"సరే."

"అసలెందుకు అరుస్తారో చెప్పండి. వాళ్ళతో నేను మాట్లాడి చూస్తాను."

"గొంతుంది, అరుస్తాను. దానికి కారణమేమిటోయ్? అవునుగానీ, ఎడమవైపు కింది పన్ను ఇంకా సలుపుతోందా?"

లోమాక్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దిగి వెళ్ళిపోయాడు.

లోయిస్ నా వైపు వాలి మెల్లగా అంది. "ఈ సీటు పోతే ఈయన ఇంట్లో రేడియోలో మ్యాచ్ వింటాడు. రేడియో మీద అరిస్తే ఎవరికి వినబడుతుంది చెప్పు? నాకు తప్ప."

ఆ తర్వాత డాక్ మారిపోయాడు. ఎవరైనా పడితే చాలు, రెండు గుప్పిళ్ళ పాప్‌కార్న్ నోట్లో కుక్కుకునేవాడు. బుగ్గలు ఉబ్బి, కళ్ళు పెద్దవై, బూర ఊదుతున్నవాడిలా కూర్చునేవాడు. గింజల్ని ఎత్తి చూడడం కూడా మానేశాడు. పేలనివాటిని పటపటా నమిలేస్తుంటే, పక్కన కూర్చున్న నాకు పళ్ళు జివ్వుమనేవి. లోయిస్ ఇప్పుడు పొడవడం లేదు. ఊరికే మోచెయ్యి అక్కడ ఆనించి ఉంచేది.

ఫిబ్రవరి చివర్లో క్రాఫర్డ్ కాలేజీతో మ్యాచ్. అది గెలిస్తేనే ముందుకు. జిమ్‌లో నిలబడ్డానికి కూడా చోటు లేదు. రెండో సగంలో కెల్సీ బంతితో దూసుకెళ్ళి ఎగిరింది. దిగడం సరిగ్గా దిగలేదు. పాదం ఒక వైపు, మోకాలు ఇంకో వైపు తిరిగాయి. ఆ మోకాలి లోపల ఏముంటుందో నేను ఏటా క్లాసులో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపిస్తాను. ఐరిస్‌ని గుండెకి హత్తుకుని, దాని కళ్ళు మూశాను.

నిశ్శబ్దం. పిల్లలంతా మోకాళ్ళ మీద కూర్చున్నారు. జట్టు వైద్యుడు పరిగెత్తాడు, వెనకే కోచ్ పామ్. కెల్సీ వెల్లకిలా పడుకుని ముఖం మీద చేతులు పెట్టుకుంది. ఏడవడం లేదు. దేనికోసమో ఆగినట్టుంది.

డాక్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. నోటినిండా పాప్‌కార్న్.

నిశ్శబ్దం సాగుతూనే ఉంది. కెల్సీ చేతులు తీసింది. తల ఎత్తి పైకి, పైనుంచి నాలుగో వరస వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా ఐరిస్ పడ్డప్పుడల్లా అలాగే ముందు నా ముఖం చూస్తుంది. దెబ్బ ఎంత పెద్దదో దానికి తెలియదు. నా ముఖంలో చూసి తెలుసుకుని, అప్పుడు ఏడుస్తుంది. ఇన్నాళ్ళూ నా ముఖంలో ఏం చూపించానో తల్చుకుంటే సిగ్గేసింది.

కెల్సీ కోచ్ చెయ్యి పట్టుకుంది.

"కోచ్, అంత ఘోరంగా ఉందా?"

"ఏం లేదమ్మా, చూస్తున్నారుగా."

"అబద్ధం! డాక్ ఏమీ అనడం లేదు." ఆ గొంతు పై వరస దాకా వినిపించింది. "ఆయనే ఏమీ అనలేదంటే నా కాలు పోయిందన్నమాటే!"

కోచ్ పామ్ లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"డాక్! నోట్లో ఏం పెట్టుకున్నారు? ఏదో ఒకటి అనండి!"

వేల కళ్ళు మా వరస మీదే. డాక్ గబగబా నమిలాడు. మింగాడు. తన కింద ఉన్న మెత్తను తీసి లోయిస్ చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకో. ఇంటికి తీసుకెళ్ళాలి."

అప్పుడు లేచాడు.

"ఏవమ్మా మూడో నంబరూ! నాలుగేళ్ళ నుంచి ఒంటితో ఈ నేల తుడుస్తున్నావు, ఒక్క మూలైనా మెరిసిందా? ఎలాగూ పడుకున్నావు, బకెట్టు పంపించనా?"

'బకెట్టు' దగ్గర గొంతు రెండుగా చీలింది. ఆయన పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు.

కింద కెల్సీ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "బకెట్టు వద్దు డాక్, మంచం పంపించండి!"

జిమ్ మొత్తం గొల్లున నవ్వింది. క్రాఫర్డ్ వాళ్ళు కూడా. ఇద్దరు పిల్లల భుజాల మీద చేతులు వేసి, కెల్సీ ఒంటికాలి మీద కొంగలా గెంతుతూ బయటికి వెళ్ళింది. అంతటి చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

ఆ చప్పట్లలోనే డాక్ కోటు తొడుక్కున్నాడు. లోమాక్స్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి. సీటు ఇక నీది."

"కూర్చోండి డాక్. మీ అంతట మీరు అరిస్తే తప్పు. కోచ్ అడిగితే అరిచారు. కోచ్ అడిగినా అరవకూడదని ఎవరూ చెప్పలేదు." లోమాక్స్ తనూ పక్కన కూలబడ్డాడు. "ఇప్పుడైనా చెప్పండి. ఎందుకు?"

డాక్ లోయిస్ చేతిలోంచి మెత్తను తీసుకుని, కిందేసుకుని కూర్చున్నాడు.

"నా కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాళ్ళు దేనికి భయపడేవాళ్ళో తెలుసా? పన్ను తొలిచే మిషన్‌కి కాదు. సూదికి కాదు. వాగుతున్న నేను ఉన్నట్టుండి వాగడం ఆపితే, అప్పుడు చెమటలు పట్టేవి. నువ్వు మరీనూ, నా చొక్కా గుండీ పీకేశావు. అందుకే పన్ను ఎంత పాడైనా సరే, నేను వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉండేవాణ్ణి." కింద ఆట మొదలైంది. ఆయన చూడలేదు. "పడ్డ పిల్లకి అంత పెద్ద నిశ్శబ్దం వినిపిస్తే ఏమనుకుంటుందోయ్? మీరంతా మర్యాద అనుకుంటారు. దానికి అంత్యక్రియల్లా ఉంటుంది."

లోమాక్స్ దవడ మీద నుంచి చెయ్యి తీశాడు. పొట్లంలోంచి నాలుగు గింజలు తీసుకున్నాడు. డాక్ వాటిలో ఒకటి వెనక్కి తీసేసుకున్నాడు, పేలలేదని.

ఆ రోజు ఓడిపోయాం. కెల్సీ మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ జరిగింది. కాలేజీ ఆట అంతటితో అయిపోయింది. అబ్బాయిల జట్టు మ్యాచ్‌లు ఇంకా ఉన్నాయి. కెల్సీ ఇక జిమ్ మొహం చూడదని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

తర్వాతి శనివారం చంకల్లో కర్రలతో ఒక్కొక్క మెట్టే ఎక్కి మా వరసకి వచ్చింది. "జరగండి డాక్" అని ఆయనకీ లోయిస్‌కీ మధ్య కూర్చుని, కట్టుకట్టిన కాలు ముందు సీటు మీద పెట్టింది. డాక్, కెల్సీ ఇద్దరూ మ్యాచ్ చూసిందేమీ లేదు. ఆ కట్టు బాగా కట్టలేదని ఒకరు, మీకు పళ్ళ గురించి తప్ప ఏం తెలుసని ఒకరు.

ఆట సగంలో మా కుర్రాడొకడు, ఆరున్నర అడుగులవాడు, దబ్బున పడ్డాడు. లేవలేదు. జిమ్ నిశ్శబ్దమైపోయింది. దూరంగా తలుపు దగ్గర లోమాక్స్ మా వైపు చూసి, చిన్నగా తల ఊపాడు. డాక్ గొంతు సవరించుకున్నాడు.

కెల్సీ అప్పటికే ఒక కర్ర పైకెత్తేసింది.

"ఒరేయ్ పొడుగోడా! లేవరా! నీకంటే మీ అమ్మమ్మ అందంగా పడుతుందిరా!"

డాక్ నిర్ఘాంతపోయాడు. "ఛ ఛ! ఏమిటమ్మా ఆ మాటలు? దెబ్బ తగిలిన పిల్లాడు!"

"మీరు నన్ను అన్నవాటితో పోలిస్తే ఇదెంత?"

"నేనెప్పుడైనా ఇంట్లో ఆడవాళ్ళ జోలికి వెళ్ళానా? పద్ధతుంటుంది! నేల గురించి అనొచ్చు, నిద్ర గురించి అనొచ్చు..."

వాళ్ళు అలా వాదించుకుంటూనే ఉన్నారు. కింద పడ్డ కుర్రాడు మోచేతి మీద లేచి పైకి చూశాడు. "మా అమ్మమ్మ వింటోంది, నోరు జాగ్రత్త!" అని అరిచాడు.

రెండో వరసలో తెల్లజుట్టు పెద్దావిడ లేచి నిలబడి, మనవడి వైపు చెయ్యి ఊపింది. "నిజమే చెప్పిందిరా! ఇక లే!"