వంటగదిలో కాటుక మనిషి

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరికైనా పూనకం వచ్చిందని ఊరంతా పరుగెత్తితే నేను పొయ్యి మీద పాలు చూసుకునేదాన్ని. కువైట్‌కి వచ్చాక భయపడే తీరికే లేదు. దయ్యం ఎదురొచ్చినా చేతికి చీపురిచ్చి, ఆ మూల నువ్వు ఊడ్చమ్మా అనేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. నేను అర్దియాలో ఒక ఇంట్లో పని చేస్తాను. నా భర్తకు సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో రాత్రి డ్యూటీ ఉండేది. పిల్లలు ఊళ్ళో మా ఆడబిడ్డ దగ్గర ఉండేవాళ్ళు. ఒకే దేశంలో ఉన్నా మేమిద్దరం కలిసేది శుక్రవారమే, అదీ మా యజమానురాలు సెలవిస్తేనే. ఇక్కడ ఆమెను మామా అని పిలవాలి.

ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ గురించి మన ఊళ్ళల్లో ఏమేం కూస్తారో నేను చెప్పక్కర్లేదు. ఆ మాటలు నా భర్త చెవిన కూడా పడ్డాయి. దాంతో ఒక పద్ధతి పెట్టాడు. ఇక్కడ చాలా జంటలకు ఉన్నదే. మధ్యాహ్నం అతను గదిలో పడుకున్నప్పుడు నేను వీడియో కాల్ చేసి, మామాకు వినపడకుండా సౌండ్ తీసేసి, ఫోన్‌ను వంటగదిలో నూనె డబ్బాకు ఆనించాలి. నేను పని చేసుకుంటాను, అతను చూస్తూ ఉంటాడు. మాటలుండవు. అది కాపలా అని తెలుసు. అయినా నన్ను చూసే మనిషి ఒకడున్నాడులే అని సర్దుకున్నాను.

మాటల్లేని బొమ్మలు ఆ ఇంట్లో ఇంకోచోట కూడా నడిచేవి. మామా వాళ్ళ మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన్ని బాబా అంటాను. ఆయనకు చప్పుడు పడదు. అందుకని హాల్లో టీవీలో వందేళ్ళ నాటి మూకీ సినిమాలు పెడతారు. కాళ్ళు పిసుకుతూ నేనూ చూసేదాన్ని. అరబ్బీ రానక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు. అన్నీ ప్రేమలూ అనుమానాలే. మొగుడు తలుపు సందులోంచి చూసి కళ్ళు ఇంతింత చేస్తాడు, పెళ్ళాం గుండె పట్టుకుని సోఫా మీద పడుతుంది.

వాటిలో బాబాకు ఇష్టమైన సినిమా ఒకటుంది. అందులో ప్రేమికుడు సన్నటి మనిషి. నడి పాపిడి, సున్నం కొట్టినట్టు ముఖం, కళ్ళ కింద కాటుక, కోటుకు తెల్ల పువ్వు. కాటుక మనిషి అని పేరు పెట్టుకుని వెక్కిరించేదాన్ని. అతను పెళ్ళైన ఆవిణ్ణి ప్రేమించి, ఆమె మొగుడి చేతిలో చస్తాడు. అక్కడికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

ఇక జరిగింది చెబుతాను. వంటగది ఇంటికి విడిగా, వాకిలి అవతల ఉంటుంది. ఆ మధ్యాహ్నం దుమ్ము లేచిందని తలుపు లోపల గడియ పెట్టి, ద్రాక్షాకుల్లో అన్నం చుడుతున్నాను. ఉన్నట్టుండి కాల్ కట్టయింది. వెంటనే నా భర్త దగ్గర్నుంచి ఒక ఫొటో, దాని కింద వాయిస్ మెసేజ్ వచ్చాయి.

"ఎవడే వాడు? నేను చూస్తాండాననే భయం కూడా ల్యాదా నీకు?"

కాల్ నడుస్తుండగా తీసిన స్క్రీన్‌షాట్ అది. అందులో నేనున్నాను, నా వెనక కాటుక మనిషి ఉన్నాడు. ఫొటో అంతా రంగుల్లో ఉంది, అతనొక్కడే బూడిద రంగు. కోటుకు పువ్వు కూడా ఉంది. టీవీ బొమ్మ ఎక్కడో పడి మెరిసిందనుకుందామంటే టీవీ ఎక్కడ, వంటగది ఎక్కడ? పైగా అతని చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ వేళ్ళ కింద నా చున్నీ నలిగి ఉంది. తలుపు వైపు చూశాను. గడియ పెట్టినట్టే ఉంది.

శుక్రవారం నా భర్త గదికి పరుగెత్తాను. సంసారం నిలబడుతుందో కూలుతుందో ఆ రోజే తేలాలి. ముందు నన్ను లోపలికే రానివ్వలేదు. "మొగానికి పౌడరు కొట్టుకోని మరీ వచ్చినాడు, షోకుగాడు" అన్నాడు.

"సూడయ్యా, వీడు సచ్చి ఎన్నేండ్లయిందో! సినిమాలో మనిషి. మన పిల్లోళ్ళ మీద ఒట్టు" అని ఏడుస్తూ నా ఫోన్‌లో ఆ సినిమా పెట్టాను.

మొత్తం చూశాడు. స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి పోల్చాడు. చెవి దగ్గర పుట్టుమచ్చ దాకా సరిపోయింది. "వాడే" అని ఒప్పుకున్నాడు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు ఫొటోలో నా ముఖాన్ని పెద్దది చేసి చూపించాడు. నేను అంతవరకూ ఆ మనిషినే చూశాను గానీ నన్ను చూసుకోలేదు. తల కాస్త వెనక్కి తిప్పి అతని వైపు చూస్తున్నాను. నవ్వుతున్నాను.

"దయ్యమో, సినిమావోడో, నాకనవసరం మే. పెండ్లయినప్పటి నుంచి నన్ను జూసి ఒక్కతూరన్నా ఇట్ల నగినావా?"

అరవలేదు, కొట్టలేదు. అరిచినా బాగుండేది. నేను వెనక్కి తిరిగిన గుర్తు లేదు, నవ్విన గుర్తు లేదు. కానీ అతను అడిగింది అది కాదు కదా.

కొద్ది రోజులకే అతను ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, రద్దు చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. పిల్లలతో కూడా మాట్లాడనివ్వడం లేదు. నా నంబరు బ్లాక్ చేశాడు. బతిమాలడానికి కూడా దారి లేదు.

గడియ పెట్టిన గదిలోకి ఆ మనిషి ఎలా వచ్చాడో, నా దగ్గరికే ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. బాత్రూంలో అద్దం ముందు నిలబడి అందులో నవ్వినట్టు నవ్వాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. నాకు ఆ నవ్వు రాదు.