అత్తమ్మ తిప్పించిన ఇసుక మూట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, మచ్చ బొల్లారంలోని మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, కాలేజీలో చదివే మా మనవరాలు రెండు తాళ్ల చివర రెండు బంతులు కట్టి, ఒంటికి అటొక చుట్టు ఇటొక చుట్టు తిప్పుతూ గాలిలో పడుకోబెట్టిన ఎనిమిది అంకె గీస్తూ కనిపించింది. ఆ ఆటను ‘పోయి’ అంటారట, న్యూజిలాండ్ ఆదివాసులదట. ఎక్కడికి పోయి అని అడిగితే పడీపడీ నవ్వింది. నేను మాత్రం తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఎందుకంటే దాదాపు నలభై ఏళ్ల కిందట ఆ తిప్పుడే నా కుడిచేతిని నాకు తిరిగి ఇచ్చింది.

అప్పుడు నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లేదాన్ని. పనిలో చేరిన రోజు నుంచి అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాల మధ్య బతికి, కొడుకు దగ్గర ఉండటానికి మా ఇంటికి వచ్చిన మనిషి. కోడలు కంపెనీకి పోవడం ఆమెకు గిట్టలేదు. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో చెప్పేది, ఆయన లేకపోతే గోడతో చెప్పేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ చలికాలం నా భుజం పట్టేసింది. మొదట జడ వేసుకోలేకపోయాను, తరువాత రైక తొడుక్కోవాలన్నా ఏడుపొచ్చేది. డాక్టరు చెయ్యి కదుపుతూ ఉండమన్నాడు గానీ కదిపితే ప్రాణం పోయేది. డబ్బాలు పై అరకు ఎత్తలేకపోతే నెల తరువాత వేరేవాళ్లను తీసుకుంటామని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఆ సంగతి మా ఆయనకు చెబుతుంటే అత్తమ్మ వంటింట్లోంచి విన్నది. లోలోపల సంతోషిస్తోందనే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆమె తన పాత చీర అంచు చించి, దాని కొసకు గుప్పెడు ఇసుక మూటగట్టి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

“గీడికి రా పిల్లా. వంగు.”

ఎనిమిది నెలల తరువాత నాతో ఆమె అన్న మొదటి మాట అది. నేను వంగి చెయ్యి వేలాడేస్తే, చీర అంచు ఆ చేతికిచ్చి, మోచేతి కింద తన అరచెయ్యి ఆనించి మూటను ముందుకూ వెనక్కూ ఊపించింది. వారం పాటు అంతే. తరువాత నిటారుగా నిలబడి పక్కన గుండ్రంగా. ఆ తరువాత కుడివైపు ఒక చుట్టు, ఒంటి ముందు నుంచి దాటించి ఎడమవైపు ఒక చుట్టు, ఎక్కడా ఆగకుండా. నేను పళ్లు బిగబట్టి బలంగా తిప్పబోతే కసిరేది.

“నువ్వు తిప్పకే. దాన్ని తిరగనియ్యి, నువ్వు దాని ఎంబడి పో, గంతే.”

ఇదెక్కడ నేర్చుకున్నావని ఒకరోజు అడిగాను. పెళ్లికి ముందు జొన్నచేలో మంచె మీద కూర్చుని, వడిసెలలో రాయి పెట్టి విసిరి పిట్టలను తోలేదట. పిట్టలు రానప్పుడు ఉత్త వడిసెలనే ముందుకూ, వెనక్కూ, తల మీదుగా తిప్పుకుంటూ కూర్చునేదట. నా చేతిలోని మూట తీసుకుని, రెండోది కూడా కట్టి, రెండు చేతులా ఒకదాని వెనక ఒకటి ఎలా తిరుగుతాయో చూపించింది. ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఉన్నట్టుండి ఆపేసింది.

“పెండ్లయినంక గూడ పోయిన. మా అత్త ఆపింది. మంచె దిగినంక మల్ల ఎక్కలే.”

మరి నా మీద కోపమెందుకని అడిగాను. మూట ముడి విప్పి మళ్లీ కడుతూ చెప్పింది.

“నన్ను ఆపిండ్రు గద, నిన్నెట్ల పోనియ్యాలె అనిపించింది బిడ్డా. ఇగ పో. జల్దీ మంచిగై పో.”

నెల తిరిగేలోపు డబ్బాను పై అరకు ఎత్తాను. నొప్పి పుట్టింది గానీ ముఖంలో కనిపించనివ్వలేదు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. చెయ్యి పూర్తిగా బాగైన తరువాత కూడా, అత్తమ్మ పోయేవరకూ, పొద్దున్నే నా జడ ఆమే వేసేది.

లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఇప్పుడు జొన్నచేలు ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. మన వయసు వాళ్లకు తప్ప మిగతావాళ్లకు మంచె అంటే ఏమిటో చెబితే గానీ తెలియడం లేదు. నన్ను కుదిపేది అది కాదు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా, మంచె దిగిన రోజు ఆమె ఏం చేసిందో, ఏడ్చిందో లేదో నేను అడగలేదు. ఆమెను ఆ మంచె మీద చూసినవాళ్లు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు.