బుల్లమ్మ జీడిచెట్లూ, మా ఆయన బ్రష్షూ

మా ఆయన ఆదం సాయిబు అనకాపల్లిలో గడియారాలు బాగుచేసేవారు. కంటికి బిగించుకునే నల్ల భూతద్దంతో ఎవరి వేల్లో ముల్లు విరిగినా తీసిపెట్టేవారు. ఆ చేతులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మురిపెమే. ఆ మొండితనం తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

యుద్ధం ఆగిన ఏడు, కార్తీకంలో, రోలుగుంట నుంచి బుల్లమ్మ మా కొట్టుకి వచ్చింది. ఆమె మొగుడు కూలికని బర్మాలో రంగం వెళ్ళి, అక్కడ బాంబులు పడ్డాక మరి తిరిగి రాలేదు. వెళ్ళేముందు అతను నాటిన రెండు జీడిమామిడి చెట్లే ఆమెకు మిగిలాయి. కొంగులోంచి రెండు కొమ్మలు తీసింది.

"ఒక సెట్టు బానే ఉంది బాబూ. రెండోదాని మొగ్గలు ఉబ్బిపోతన్నాయి గానీ ఇచ్చుకోటం నేదు. పూత రాని సెట్టు కొట్టేత్తానంతన్నాడు మా మరిది. ఏటి పట్టిందో నీ అద్దంలో సూడు."

ఆయన ఉబ్బిన మొగ్గ చీల్చి చూశారు. "అరె! కంటికానని పురుగులు పాకుతున్నాయి, చుట్టూ బూజు!" అని నన్నూ పిలిచి చూపించారు. తర్వాత మంచి చెట్టు మొగ్గ చూశారు. పురుగు లేదు. సన్నటి తెల్లబూజు మాత్రం ఉంది. అదే ఆయన ప్రాణానికి పడలేదు. గడియారంలో నలుసుంటే అన్నం సహించని మనిషాయె!

"మంచిదాని జోలికి పోకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను. వింటేనా!

మర్నాడే రోలుగుంట వెళ్ళి జబ్బు మొగ్గలన్నీ తుంచి కాల్పించారు. తర్వాత మంచి చెట్టుకి నిచ్చెన వేసుకుని, గడియారాల బ్రష్షు స్పిరిట్లో తడిపి, మొగ్గ మొగ్గా తుడిచారు. మూడు రోజులు!

నెల తిరక్కుండా జబ్బు చెట్టు కొత్త చిగురు వేసింది. మంచి చెట్టుకి తుడిచిన మొగ్గలు మాత్రం నల్లబడి రాలిపోయాయి. కబురందగానే ఆయన పరుగెత్తుకెళ్ళి అద్దం పెట్టి చూశారు. తెల్లబూజు పోయిన చోటల్లా నల్లబూజు కిక్కిరిసి ఉందట, ఖాళీ ఇంట్లో దొంగలు చేరినట్టు. పూత రాలేదని ఆ మంచి చెట్టుని మాఘంలో బుల్లమ్మ మరిది నరికేశాడు. ఆయన వారం రోజులు కొట్టు తెరవలేదు.

ఎండాకాలంలో బుల్లమ్మ మళ్ళీ వచ్చింది. జబ్బు తగ్గిన రెండో చెట్టు కాసిన జీడిపిక్కలు కాల్చి, వలిచి, గుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఆయన తలెత్తలేకపోయారు.

"నీ మొగుడు నాటిన చెట్టు చంపేశానమ్మా. బాగున్నదాన్ని."

బుల్లమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఒకటి నిలబెట్టేవు, ఒకటి పడగొట్టేవు. కోపం నేదని అబద్ధం సెప్పను బాబూ. నిలబడిందాని పప్పు ఇది. తిను."

ఆయన తినేదాకా ఆమె గుమ్మం కదల్లేదు.