బీరువాలో ఆరు గిగాహెర్ట్జ్

ఆకాశం కోసం జరిగిన మహాసంగ్రామాన్ని వర్ణించబోతున్నాను. ప్రభుత్వం కదిలింది, కంపెనీలు కొట్టుకున్నాయి, చివరికి తలుపులు తెరుచుకున్నాయి. అందులో నా పాత్ర, బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక వైఫై రౌటర్ కొనడం. అంతే.

నాది మేడ మీద గది. కింద ఇంటి ఓనరు, నగర్తపేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి. ఇంటర్నెట్ వైరు ఆయన హాల్లోకి వస్తుంది, నేనూ దాన్నే వాడుకుంటాను. మా వీధిలో గోడకో వైఫై. అన్నీ ఒకే ఇరుకులో తోసుకోవడంతో మీటింగుల్లో నా ముఖం నోరు తెరిచిన చోటే ఆగిపోయేది. "సోమవారం డెమోలోనూ ఇలాగే అయితే వర్క్ ఫ్రమ్ హోమ్ మర్చిపో. రోజూ ఆఫీసుకే" అంది మేనేజరు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఆరు గిగాహెర్ట్జ్ తరంగాల్లో కొంత భాగాన్ని వైఫైకి వదిలేసింది. లైసెన్సు అక్కర్లేదు. తక్కువ పవరుతో, ఇంటి లోపలే వాడుకోవాలి. ఆ ఖాళీ దారిని అందుకునే రౌటర్ కొని ఓనరు హాల్లో పెట్టాను.

ఆయన షాపులో లైసెన్సులన్నీ ఫ్రేము కట్టి దేవుడి పటాల పక్కనే ఉంటాయి. అగరబత్తి వాటికీ తిప్పుతారు.

"దీని లైసెన్సు యాడుండాదప్పా?"

"అక్కర్లేదంకుల్. ప్రభుత్వమే చెప్పింది."

"ఈ పొద్దు వద్దంటారు. రేపొచ్చి తియ్యి చూస్తాం అంటారు. వాళ్ల సంగతి నాకు తెలీదా?"

ఫోనులో ప్రభుత్వ గెజిట్ తెరిచి నిబంధన చూపించాను. 'ఇంటి లోపల' అన్న చోట వేలు పెట్టి చదివి, తల ఊపారు. నమ్మారనుకున్నాను.

సోమవారం రెండో స్లైడుకే సిగ్నల్ పోయింది. కిందికి పరిగెత్తితే హాల్లో రౌటర్ లేదు. వైర్లు మాత్రం గోడ వెంట వెళ్లి ఇనప బీరువా తలుపు సందులో దూరాయి.

"అంకుల్!"

"అరవొద్దప్పా. గేటు తావ కరెంటు మీటరాయన ఉండాడు. గవర్మెంటు మనిషి."

"బీరువాలో పెడితే సిగ్నల్ ఎలా వస్తుంది?"

"ఇంటి లోపల పెట్టాలని నువ్వే చూపిస్తివి కదా. మా ఇంట్లో దీనికంటే లోపల ఇంకేం లేదు."

ఫోను మోగింది. "రేపట్నుంచి ఆఫీసు" అని పెట్టేసింది మేనేజరు.

సాయంత్రం రౌటర్‌కు విడుదల దొరికింది, ఆ గెజిట్‌ను అచ్చు తీసి ఇవ్వాలన్న షరతుతో. ఆ గెజిట్ కాగితం ఇప్పుడు ఫ్రేములో, రౌటర్ పైన, కుంకుమ బొట్టుతో ఉంది.

మేడెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. కొత్త ఆరు గిగాహెర్ట్జ్ బ్యాండు కనిపించలేదు. నా ల్యాప్‌టాప్ పాతది. దానికి ఐదు గిగాహెర్ట్జ్ దాకానే అందుతుంది.